అట్టముక్క కింద దాచిన పుస్తకం

మా చిన్నప్పుడు... చింతాద్రిపేటలో మా కాంపౌండులోని ఐదు పోర్షన్లకీ కలిపి ఊళ్ళకి వెళ్ళేటప్పుడు పనికొచ్చే బ్యాగు ఒక్కటే ఉండేది. మా నాన్న కొన్న బ్రౌను రెక్సిన్ బ్యాగు. ఎవరింట్లో ప్రయాణమున్నా ముందుగా వచ్చి అడిగి తీసుకుపోయేవాళ్ళు. జిప్పు సగంలో పట్టేస్తే కొబ్బరినూనె రాయాలని అందరికీ తెలుసు. తిరుపతికి మాకంటే అదే ఎక్కువసార్లు పోయొచ్చింది, పుణ్యమంతా దానిదే...

దాని అడుగున ఒక అట్టముక్క ఉండేది. ఆ అట్ట కింద సందు నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని.

ఆరో తరగతి సెలవుల్లో నా స్నేహితురాలు దివ్య ఒక జపాన్ బొమ్మల కథల పుస్తకం ఇచ్చింది. వాళ్ళ పిన్ని సింగపూర్ నుంచి తెచ్చింది. మాటలు ఇంగ్లీషులోనే ఉన్నా, వెనక అట్ట దగ్గర మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకి చదవాలి. అదంతా నేర్పించి, ఆదివారం సాయంత్రం వాళ్ళు బెంగళూరు వెళ్ళిపోతున్నారనీ, ఇంక రారనీ, ఆలోపే ఇచ్చెయ్యమనీ మరీ మరీ చెప్పింది.

నెల్లూరులో పెళ్ళికి పోతూ రైల్లో చదివాను. బొమ్మల కథలు చదివితే నాన్న తిడతాడని, ఆయన కునుకు తీసినప్పుడల్లా బయటికి తీసేదాన్ని, ఆయన కదిలితే అట్ట కింద దోపేదాన్ని. కథలో ఒక పిల్లాడు, వాళ్ళమ్మ. ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం తింటారు. చివర్లో ఆమె రైలెక్కి వెళ్ళిపోతుంది... వాడు ప్లాట్‌ఫారం మీద ఒక్కడే మిగిలిపోతాడు. గూడూరు దాటినా నాకు ఏడుపు ఆగలేదు.

గురువారం సాయంత్రం ఇల్లు చేరాం. అమ్మ బట్టలన్నీ తీసేసి బ్యాగు గోడవారగా పెట్టింది. అందరూ ఉన్నారు కదా, రేపు తీసుకుందాంలే అనుకున్నాను. తెల్లారి చూస్తే గోడవార బ్యాగు లేదు.

"కనకమ్మత్త ఎత్తుకొని పోయింది. చిత్తూరులో వాళ్ళమ్మకి బాగలేదంట, ఆస్పత్రిలో చేర్చినారంట. ఆదివారం పొద్దున్నే వచ్చేస్తాది" అంది అమ్మ.

కనకమ్మత్త మా వెనక పోర్షన్ ఆవిడ. ఆ "ఆదివారం పొద్దున్నే" అన్న మాట పట్టుకుని రెండు రోజులు గడిపాను. అన్నం సయించలేదు. వీధిలో ఆటో ఆగితే చాలు, గుమ్మంలోకి పరుగు. బస్సులో బ్యాగు ఎవరైనా కొట్టేస్తే? అట్ట తీసి చూసి, ఎవరిదో చిత్తుపుస్తకం అనుకుని పారేస్తే?... అమ్మకి చెప్పేద్దామని వంటింటి దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి తిరిగొచ్చేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం ఇంటి ఓనరు వాళ్ళకి ఫోన్ వచ్చింది. కనకమ్మత్త వాళ్ళమ్మ పోయింది. కర్మలన్నీ అయ్యాకే వస్తుందట.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "నా బిడ్డది ఎంత మెత్తని మనసో" అని అమ్మ దగ్గరికి తీసుకుంది. నేను ఏడ్చింది పుస్తకం కోసం... ఆ సిగ్గుతో ఇంకాస్త ఏడ్చాను.

సాయంత్రం దివ్య వచ్చింది. వీధి చివర ఆటోలో వాళ్ళ నాన్న. నేను బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాను. అమ్మ పిలిస్తే కడుపునొప్పి అన్నాను. దివ్య కాసేపు మెట్ల మీద కూర్చుంది. ఆటో హారన్ రెండుసార్లు మోగింది... వెళ్ళిపోయింది. అడ్రసు అడగాలని ఎవరికీ తట్టలేదు.

రెండు వారాలకి బ్యాగు తిరిగొచ్చింది. కనకమ్మత్త తనే అట్ట ఎత్తి పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది.

"గుడ్డలు సర్దతా ఉంటే తగిలింది పాపా. నాకు చదువు రాదు గదా... ఆడ ఆస్పత్రిలో బొమ్మలు చూపిస్తా మా అమ్మకి కథ చెప్పినా. పిల్లోడు స్టేషన్లో ఒక్కడే నిలబడి ఏడస్తా ఉంటాడు. రైలొస్తాది, వాళ్ళమ్మ దిగతాది. ఇద్దరూ ఇంటికి పోయి ఒకే పళ్ళెంలో అన్నం తింటారు. మా అమ్మ రెండు తూర్లు చెప్పించుకునింది."

మన పుస్తకాల్లాగే ఎడమ వైపు నుంచి తిప్పిందన్నమాట. కథ అది కాదత్తా అని నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో చక్రాల పెట్టె. ఒకరి బ్యాగు ఒకరు అడిగే పనే లేదు. మా అమ్మాయి రైల్లో ఆ జపాన్ కథలు ఫోన్లోనే వేలితో తోస్తూ చదివేస్తుంది. నేను మాత్రం బండి దిగేముందు పెట్టెల అడుగుదాకా చెయ్యి పెట్టి తడుముతాను. మా ఆయన నవ్వుతాడు... ఏం చెయ్యను, గుండె ఊరుకోదు.

మీ దగ్గరా ఎవరికైనా తిరిగివ్వలేకపోయిన వస్తువేదైనా ఉంటే కింద రాయండి. ఆ మనిషి కంట పడుతుందేమో...

దివ్యా, నీ పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ రోజు కడుపునొప్పి అబద్ధం. కనకమ్మత్త చెప్పిన కథలోలాగా ఆటో వెనక్కి వచ్చి, నువ్వు దిగి, మళ్ళీ ఒకసారి మా మెట్ల మీద కూర్చో. ఈసారి గడియ తీస్తాను.