ఆమిష్ పిల్ల కోసం ప్రార్థన

కారు ఇంటి ముందుకొచ్చి ఆగినా ఆంటీ ఇంజన్ ఆపేవారు కాదు. "ముందు చెప్పు, వాడు తలుపు తోశాడా లేదా?" అనేవారు, స్టీరింగు రెండు చేతులతో పట్టుకునే. ఆస్ట్రేలియాలో, పెర్త్ ఎండలో ఏసీ ఆపితే కారు పెనమైపోతుంది కాబట్టి, పెట్రోలు తగలబడుతున్నా ఇద్దరం అలాగే కూర్చునేవాళ్ళం. అధ్యాయం అయ్యాకే ఇంట్లోకి.

నా చదువు రోజుల గురించి అడిగితే అందరూ యూనివర్సిటీ కబుర్లు చెబుతాననుకుంటారు. యూనిలో నేను చదివింది మట్టి గురించి. ఏ నేల ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ కుంగుతుంది, ఇదే గోల. నాకు గుర్తొచ్చేది ఆ కారు, ఆ ఏసీ రొద, హంతకుణ్ణి తప్పించుకుని గుర్రబ్బండిలో పారిపోతున్న ఒక తెల్ల టోపీ పిల్ల.

ఆంటీ, మా అమ్మ అమలాపురంలో సండే స్కూలు నాటి స్నేహితులు. ఆ చనువుతోనే పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో వాళ్ళింట్లో నాకొక గది దొరికింది. ఆంటీ ముసలివాళ్ళుండే ఒక ఏజ్డ్ కేర్ హోమ్ లాండ్రీలో పొద్దుటి డ్యూటీ చేసి, మధ్యాహ్నం నన్ను స్టేషన్ దగ్గర ఎక్కించుకునేవారు. అంకుల్ ఇంజనీరు. దానికంటే ముందు మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద.

మా సంఘంలో నగల్లేవు, పూలు లేవు, సినిమాల్లేవు. ప్రార్థన అంటే ఆడవాళ్ళు తలమీద ముసుగు వేసుకోవాల్సిందే. ప్యాంటూ చొక్కాతో పనికెళ్ళే ఆంటీ కారు సొరుగులో ఒక తెల్ల స్కార్ఫ్ ఉండేది. ఎర్ర లైటు దగ్గర ప్రార్థన చెయ్యాలనిపించినా ముందు అది తలమీదికి రావాలి. నవలలూ నిషిద్ధమే. "లేని మనుషుల కోసం ఏడవడం ఎందుకమ్మా, ఉన్నవాళ్ళు చాలకనా?" అనేవారు అంకుల్. నాకు ఒళ్ళు మండేది, కానీ ఉండేది వాళ్ళింట్లో కదా, నోరు మూసుకునేదాన్ని.

అలాంటి ఇంట్లోకి నేను పాత సామాన్లమ్మే ఆప్ షాప్‌లో కొన్న ఆమిష్ నవల ఎలా వచ్చిందంటే, అట్ట మీద బొమ్మ పుణ్యం. తెల్ల టోపీ పెట్టుకుని తల వంచుకున్న అమ్మాయి, వెనకాల పాక, పాక మీద మబ్బులు. అంకుల్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎవరమ్మా ఈవిడ?" అన్నారు. ఆమిష్ అని అమెరికాలో ఒక రకం క్రైస్తవులున్నారనీ, కరెంటు వాడరనీ, గుర్రబ్బళ్ళలో తిరుగుతారనీ, నగలు పెట్టరనీ, ఆడవాళ్ళు టోపీ తియ్యరనీ చెప్పాను. ఆయన ముఖం విప్పారింది.

"ఓహో, సాక్ష్యం పుస్తకమా! మంచిది, చదువుకో. ఆంటీకి కూడా చదివి వినిపించు."

మా వాళ్ళ భాషలో సాక్ష్యమంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో మనిషి తానే చెప్పుకోవడం. అంటే అక్షరాలా జరిగింది. నేను ఔననలేదు, కాదనలేదు. అట్ట మీది మబ్బుల వెనక ఒక శవం ఉందని చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

ఇంగ్లీషు చదవడం ఆంటీకి విసుగు. అందుకని నేను రైల్లో చదివి, కారులో తెలుగులో చెప్పేదాన్ని. కథ ఇదీ: ఆ పిల్ల ఊరి బడిలో పంతులమ్మ. ఒక సాయంత్రం పిండి మర దగ్గర హత్య చూస్తుంది. చంపినవాడు ఆమెని చూస్తాడు. కాపాడ్డానికి వచ్చిన పోలీసు ఎవరో కాదు, ఒకప్పుడు ఆమెని ప్రేమించి, ఆ కట్టుబాట్లు పడక ఊరు వదిలిపోయినవాడు. వాడి కారెక్కితే ప్రాణం దక్కుతుంది. కానీ ఊరి పెద్దలు వెలేస్తారు. ఆ పెద్దల్లో మొదటివాడు ఆమె తండ్రి.

అబ్బో, ఆంటీకి చెప్పడమంటే ఎంత హుషారుగా ఉండేదో! హంతకుడు పాకలో దాక్కున్నాడంటే చాలు, పచ్చ లైటు పడినా కారు కదిలేది కాదు, వెనకవాళ్ళు హారన్లు మోగించేవాళ్ళు. పోలీసు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్న చోట మాత్రం "సరే సరే, తర్వాత" అని తొందరపెట్టి, నేను దాటవేస్తే, "ఏంటే, మింగేశావు?" అని వెనక్కి రప్పించేవారు. ఒక్కటే నాకు కోపం తెప్పించేది. కత్తి పట్టుకుని వాడు మెట్లెక్కుతుంటే ఆవిడ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"వాళ్ళ నాన్న ఏమన్నాడు?"

"ఆంటీ! అక్కడ ప్రాణం పోతుంటే నాన్న గొడవేంటండీ!"

"అది కాదమ్మా. పిల్ల కనబడకపోతే వెతకడానికి బయల్దేరాడా, కుర్చీలో కూర్చున్నాడా అని."

ఆవిడ ఎందుకలా అడిగేవారో నాకు అర్థమై ఉండాల్సింది. నేను పడుకునే గది వాళ్ళమ్మాయిది. సంఘం బయటి అబ్బాయిని రిజిస్టర్ పెళ్ళి చేసుకుని సిడ్నీలో కెల్లీవిల్ వెళ్ళిపోయింది. ఆమెని ప్రభువు బల్లలో, అంటే సంఘం కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసంలో పాలు లేకుండా తొలగించామని ప్రార్థన కూటంలో ప్రకటించింది అంకులే, పెద్ద కాబట్టి. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె పేరు పలకలేదు, ప్రార్థనలోనూ పలకలేదు. గోడ మీద ఫొటో తీసేసిన చోట రంగు మాత్రం ఇంకా కొత్తగా ఉండేది. ఇదంతా మా అమ్మ ఫోన్లో చెబితే విన్నానే గానీ, హంతకుడి ధ్యాసలో మర్చిపోయాను.

శుక్రవారం సాయంత్రం కూటం వాళ్ళింట్లోనే. పాటలయ్యాక ఎవరికి ఏ ప్రార్థన అవసరమున్నా చెబుతారు. వీసా రావాలని ఒకరు, నడుం నొప్పి తగ్గాలని ఒకరు చెప్పారు. అప్పుడు ఎప్పుడూ నోరు విప్పని ఆంటీ, ముసుగు సర్దుకుని లేచారు.

"అమెరికాలో ఒక సహోదరి ఉందండీ. చిన్నపిల్ల. ఒక దుర్మార్గుడు ఆ పిల్ల ప్రాణం తియ్యడానికి తిరుగుతున్నాడు. ఇంట్లోవాళ్ళు రానివ్వట్లేదు. క్షేమంగా ఉండాలని, వాళ్ళ నాన్న మనసు మెత్తబడాలని ప్రార్థన చెయ్యండి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి సంచిలో ఉన్న నవల మీదికి పోయింది. ఒక్కరైనా "ఎవరా పిల్ల, ఏ ఊరు?" అని అడగాలి కదా? మా కూటంలో ప్రార్థన అవసరం చెప్పినవాళ్ళని ఆరా తియ్యరు, మోకాళ్ళూనుతారు. అందరూ మోకాళ్ళూనారు. అందరికంటే గట్టిగా అంకుల్ ప్రార్థించారు. "తండ్రీ, ఆ బిడ్డని నీ రెక్కల కింద దాచు. ఆ నాన్న రాతి గుండెని కరిగించు" అంటూ ఆయన గొంతు బొంగురుపోయింది. పక్కన నేను కళ్ళు మూసుకోవడం మానేసి ఆయన్నే చూస్తున్నాను.

మర్నాటికి ఆ కబురు వాట్సాప్‌లో కాన్‌బెర్రా చేరింది. అక్కడి హారిసన్‌లో ఉన్న మా సంఘం వాళ్ళు గొలుసు ప్రార్థన పెట్టుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు. ఎవరో ఆవిడ ఆ పిల్ల కోసం ఉపవాసం మొదలుపెట్టిందని తెలిసేసరికి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. లేని పిల్ల కోసం రెండు ఊళ్ళ జనం పస్తులు! బయటపడితే నా గది పోతే పోయింది, కూటంలో ఆంటీ తల ఎత్తుకోగలరా?

సోమవారం కారెక్కగానే అన్నాను. "ఆంటీ, మీకొకటి చెప్పాలి. ఇది సాక్ష్యం కాదండీ. నవల. ఆ పిల్ల లేదు."

ఆవిడ ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుని, నిదానంగా కారు రోడ్డెక్కించారు.

"నాకు తెలీదనుకున్నావేంటే? ఏ సాక్ష్యంలో పోలీసోడి భుజాల గురించి అంతసేపు రాస్తారు?"

"ఎప్పుడు తెలిసిందండీ?"

"మొదటివారమే తెలిసింది. మా పిల్ల పేరు కూటంలో ఎత్తడానికి నాకు లేదు కదమ్మా. తొలగించినోళ్ళ పేరెత్తితే సంఘం పెద్ద ఇంట్లోనే కట్టుబాటు లేదంటారు. ఈ పిల్ల పేరుతో అయితే అడగొచ్చు. ఎవరి కోసం అడిగానో ఆయనకి తెలుసులే," అంటూ గడ్డంతో పైకి చూపించారు. "మీ అంకుల్ నోటితో ఆ మాటలు విని ఎన్నేళ్ళయిందో తెలుసా?"

నాకు కళ్ళు చెమర్చాయి, అదే నిమిషంలో గెంతాలనీ అనిపించింది. నేను కథ చెబుతున్నాననుకున్నాను, ఆవిడ నా కథతోనే అంతకంటే పెద్ద కథ నడుపుతున్నారు! ఇంక నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. లెక్చరులో వెనక బెంచీ మీద కూర్చుని, మట్టిని మట్టికే వదిలేసి, నవల ఆఖరి దాకా చదివేశాను. పాక తగలబడింది, హంతకుడు దొరికాడు, పోలీసుతో పెళ్ళయింది. తండ్రి సంగతి చదివాక మాత్రం పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నాం. కోడికూర వడ్డిస్తుండగా అంకులే అడిగారు.

"నువ్వు సాక్ష్యం చదువుతున్న ఆ అమెరికా పిల్ల సంగతేమైందమ్మా? హారిసన్ వాళ్ళు అడుగుతున్నారు."

ఆంటీ గరిటె ఆపారు. నావైపు చూడలేదు. ముగింపు మార్చి చెబితే తేలిపోయేది, అందరూ స్తోత్రం అనేవాళ్ళు. కానీ నా నోరు నా మాట వినదు.

"ప్రాణానికి ప్రమాదం తప్పింది అంకుల్. పెళ్ళి కూడా అయింది. వాళ్ళ నాన్న ఒకరోజు బండి కట్టుకుని వాళ్ళింటి దాకా వచ్చాడు. గేటు దగ్గర ఆపాడు. కిటికీలోంచి ఆ పిల్ల చూస్తూనే ఉంది. ఆయన దిగకుండానే బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు."

"దిగలేదా?" అంకుల్ చేతిలో ముద్ద అలాగే ఉంది. "గేటు దాకా వచ్చి దిగలేదా? ఇంతమందిమి మోకాళ్ళ మీద పడి ఏడిస్తే, ఆ మనిషి బండి దిగలేదా?"

"పరువండీ," అన్నారు ఆంటీ. "సంఘం పెద్ద కదా ఆయన."

"పెద్దయితే? ఏం తండ్రి ఆయన! కన్నపిల్ల కంటే..."

అక్కడ ఆగిపోయారు. నా గుండె మాత్రం హంతకుడు తలుపు తోసినప్పటికంటే గట్టిగా కొట్టుకుంటోంది.

ఆంటీ గరిటె గిన్నెలో పెట్టి, కొంగు తలమీదికి లాక్కున్నారు. ప్రార్థనకి వేసుకున్నట్టే. "ఆ పిల్ల కథలో పిల్లండీ. లేదు. కెల్లీవిల్‌లో ఉంది చూడండి, ఆ పిల్ల ఉంది."

అంకుల్ నావైపు తిరిగారు. "సాక్ష్యం కాదా అది?"

"కాదంకుల్. నవల."

తిడతారనుకున్నాను. కంచంలోనే చెయ్యి కడుక్కుని, లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. బట్టలారేసే తీగ దగ్గర నిలబడి ఆరిన బట్టలు ఒక్కొక్కటీ తీసి మడత పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో ఆయన బట్టలు మడత పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఆంటీ కుర్చీలోంచి కదల్లేదు. నేను వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

బట్టల బుట్ట పట్టుకుని లోపలికొచ్చారు అంకుల్. "నంబరు పాతదేనా?"

"ఏ పిల్లదండీ?" అన్నారు ఆంటీ. వదిలేస్తారా మరి!

"మన పిల్లది."

ఆంటీ అంకెలన్నీ తడుముకోకుండా గడగడా చెప్పేశారు. అంకుల్ ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి, ఏమీ అడక్కుండా నొక్కారు. కంగారులో స్పీకరు మీద వేలు పడింది. సిడ్నీలో అప్పటికి సాయంత్రమై ఉంటుంది. మోగింది, మోగింది, ఎవరో ఎత్తారు.

"హలో? హూ ఈజ్ దిస్?" చిన్నపిల్ల గొంతు. ముద్దుగా, ఏదో నములుతూ.

గంటలకొద్దీ ప్రార్థన చేసే మనిషి వెక్కడం మొదలుపెట్టారు. బుట్ట నేల మీద పెట్టి, గోడకి చేరబడ్డారు.

"మమ్!" అని అటువైపు కేక. "సమ్ అంకుల్ ఈజ్ ఆన్ ద ఫోన్! హీ ఈజ్ క్రయింగ్!"

"అంకుల్‌ని కాదమ్మా," అన్నారాయన. "తాతని."