పసుపు అతుకు

డెబ్బైల చివర ఓ ఎండాకాలం, కాకినాడ నుంచి భైరవపాలెం దాకా సముద్రం అంచు వెంబడే చిన్న తెరచాప పడవలో వెళ్లాను. నా పక్కన ఓ జాలరి ఆవిడ కూర్చుంది. ఎదురొచ్చిన ప్రతి పడవ తెరచాపనీ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది.

"ఎవరి కోసమమ్మా?" అన్నాను.

"మా ఆయన కోసమండి. వేటకెళ్లి మూడేళ్లయింది. చాప చిరిగితే నా పెళ్లిచీర ముక్క అతుకేశానండి, పసుపుది. ఆ చాప ఎక్కడుంటే ఆయనక్కడే ఉంటారండి."

మధ్యాహ్నానికి గాలి తగ్గింది. పడవ నడిపే సరంగు అడుగున చుట్టిపెట్టిన రెండో చాప కూడా పైకెత్తాడు. దాని మూల వెలిసిపోయిన పసుపు ముక్క.

ఆవిడ చాలాసేపు చూసింది. "ఇదెక్కడిది బాబూ?"

"మూడేళ్ల కిందట ఒడ్డుకి కొట్టుకొచ్చిందమ్మా. మనుషులెవరూ లేరు."

ఆ తర్వాత ఎదురొచ్చిన చాపల వైపు ఆవిడ చూడలేదు. రేవులో చాప దించాక మాత్రం, "అతుకు ఊడిపోతోంది, సూదుంటే ఇయ్యి బాబూ" అంది.

అప్పటికి సరంగుకీ అర్థమైంది. సూదీ దారం ఇచ్చాడు.

కుడుతున్నంతసేపూ ఆవిడ చేతి గాజులు గలగలమంటూనే ఉన్నాయి. అవి ఇంకెంతసేపో మా ముగ్గురికీ తెలుసు.