ధర్మయ్య దుకాణంలో నిండుకున్న పుస్తకం

హిందీ రాష్ట్రం అంచున ఉన్న భోపాల్‌పట్నంలో ధర్మయ్య పుస్తకాల దుకాణానికి ఒక ఆచారం ఉంది. గిరాకీ ఏది అడిగినా ‘లేదు’ అనకూడదు. అంటే లక్ష్మి గుమ్మం దాటిపోతుందని తండ్రి చెప్పాడు. అందుకే సరుకు లేనప్పుడు ‘నిండుకుంది, మళ్ళీ రా’ అంటాడు.

హిందీ బడుల కాలంలో గణిత్, విజ్ఞాన్ అంటూ నిండుగా పేర్లు పలికి అమ్మినవాడే. ఇంగ్లీషు బడి వచ్చాక అన్నీ పొట్టి పేర్లయ్యాయి. ఈవీఎస్, ఎస్సెస్టీ, జీకే. చదువురాని తల్లులు సైతం పిల్లలు చెప్పింది దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చి గడగడా అప్పజెప్పేవారు. అవేమిటని దుకాణదారే అడిగితే పరువు పోదూ? అట్ట మీది అక్షరాలు పోల్చుకుని తీసిచ్చేవాడు.

అడవి పల్లె నుంచి కూరకు పనికొచ్చే లేత వెదురు కొమ్ములు అమ్ముకోవడానికి వారం వారం సంతకు వచ్చే హిడ్మే, జోగి అనే తన కూతుర్ని ఆ ఇంగ్లీషు బడి హాస్టల్లో వేసింది.

“మ్యాథ్స్, ఈవీఎస్, జీకే, పీటీ. నాలుగియ్యి సేటూ.”

మూడు దొరికాయి. పీటీ ఎంత వెతికినా కనబడలేదు.

“పీటీ నిండుకుంది. పై సంతకు రా, తెప్పిస్త,” అన్నాడు ధర్మయ్య తొణక్కుండా.

పై సంతకూ అదే మాట, ఆ పై సంతకూ అదే. వానలో తడుస్తూ హిడ్మే అడుగుతూనే ఉంది.

చివరికి సుద్దముక్కలకు వచ్చిన ఆ ఇంగ్లీషు బడి హరిబాబు మాస్టారిని, సిగ్గు విడిచి అడిగాడు.

“పీటీకి బుక్కేంది సేటూ? అది ఆటల పీరియడ్!” మాస్టారు పగలబడి నవ్వి, ఠక్కున ఆగిపోయాడు. “మా బళ్ళో బుక్కు తేనోళ్ళు పక్కకు కూసోవాలె. జోగి అనే పిల్ల ఆటల గంట కొట్టంగనే తనంతట తనే పోయి గోడకాడ కూసుంటది. పిలిస్తే, బుక్కింక రాలే సార్ అంటది. ఒళ్ళొంగక సాకు చెప్తుందనుకున్న.”

ధర్మయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. బడాయి తనది, శిక్ష పసిదానిది. ఇంతకన్నా పాపం ఏముంటుంది?

సంతరోజు పొద్దున్నే హిడ్మే కనబడగానే ఎదురెళ్ళాడు.

“ఆ బుక్కు లేదమ్మా. పీటీ అంటే ఆటలంట. నాకు తెల్వక నిన్ను ఉత్తగ తిప్పిన. బుక్కు రాలేదని నీ పిల్ల ఆటలప్పుడు గోడకాడ కూసుంటున్నదంట.”

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె తల మీది గంపతోనే బడి వైపు నడక అందుకుంది.

“సరుకు అమ్ముకున్నంక పోరాదా!” అని ధర్మయ్య కేకేశాడు.

“పిల్ల గోడకాడనే కూసున్నది గద సేటూ,” అంది హిడ్మే, వెనక్కి తిరిగి చూడకుండానే.