చేతికందని ముడి

మేం సరిహద్దు పోస్టు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మంచు మీద కళ్ళు పోయేంత ఎండ కాస్తోంది గానీ అందులో వేడి మాత్రం లేదు. పోస్టు అనగానే మీరు కోటనో బురుజునో ఊహించుకుంటారు. రెండు ఫైబరు గుడిసెలు, మంచులో తవ్విన ఒక గుంత, ఒక ఏంటెనా, ఖాళీ కిరోసిన్ డబ్బాల గుట్ట. అంతే. ఎత్తు పంతొమ్మిది వేల అడుగులు. మనుషులం ఏడుగురం. కాళ్ళకి మూడు జతల మేజోళ్ళు, ఒంటి మీద తెల్లకోటు, కళ్ళకి నల్లద్దాలు. చేతిలో మంచుగొడ్డలి, నడుముకి తాడు. ఒంటేలుకి వెళ్ళినా తాడుండాలని సుబేదార్ సాబ్ హుకుం.

మా టాటానగర్ బర్మామైన్స్ సందుల్లో పిల్లలు ఇప్పటికీ అడుగుతారు, "అంకుల్, దుష్మన్ కో దేఖా?" అని. లేదురా నాయనా, నేను చూసిన శత్రువు గాలి ఒక్కటే. దాన్ని తిట్టినన్ని తిట్లు నా జన్మలో ఎవర్నీ తిట్టలేదు. దానికి చెవులుంటే సిగ్గుతో చచ్చేది.

ఆ ఏడుగురిలో రత్నం మా కుక్, మా ఊరివాడే. గోల్‌మురి కుర్రాడు. మా నాన్నా వాళ్ళ నాన్నా టాటానగర్ లోకో షెడ్‌లో ఒకే షిఫ్టు. మా రెండు కుటుంబాలదీ ఒకే తెలుగు చర్చి. ఇంత పెద్ద సైన్యంలో ఇద్దరం ఒకే గుడిసెలో పడ్డామంటే చూడండి. బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ సువార్తమ్మ స్టేషన్‌లో నా చెయ్యి పట్టుకుంది.

"దావీదూ, ఆడు సిన్నోడురా. నువ్వే సూసుకోవాల" అంది. ఓ సీసా చింతకాయ పచ్చడి నా సంచిలో తోసేసింది.

"సరే పెద్దమ్మా" అన్నాను. అనడానికేం పోయింది, నోరే కదా.

అక్కడ రోజులకి అంచులుండవు. నిద్ర సరిగ్గా పట్టదు, మెలకువా సరిగ్గా రాదు. రెండింటికీ మధ్య ఎక్కడో తేలుతూ ఉంటాం. స్టవ్ హోరు వింటూ పడుకుంటే అది మా ఊరి భోంపూలా వినిపించేది. అంటే స్టీలు ప్లాంటు సైరన్. షిఫ్టు మారింది, నాన్న సైకిల్ దిగాడు, టిఫిన్ డబ్బా గలగలలాడింది అనుకునేవాణ్ణి. కళ్ళు తెరిస్తే ఎదురుగా గుడ్డు. గడ్డకట్టిన గుడ్డు. దాన్ని మంచుగొడ్డలి వెనకవైపుతో కొట్టినా పగిలేది కాదు.

రత్నం మాత్రం ఆ గుడ్లతోనే ఏదో ఒకటి చేసి పెట్టేవాడు. వండటం అయ్యాక స్టవ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెలుగులో రెండు ముక్కలు ప్రార్థన చేసేవాడు. మొదట్లో మిగతావాళ్ళు నవ్వారు. సుబేదార్ సాబ్ గఢ్వాల్ వాడు, రోజూ దుర్గమ్మకి అగరొత్తి వెలిగించేవాడు. రేడియో ఆపరేటర్ ఆరా అనే ఊరి నుంచి వచ్చిన హనుమాన్ భక్తుడు. నెల తిరిగేసరికి ఏమైందో తెలుసా, రత్నం చివరిమాట అనగానే అందరూ కలిసి "ఆమీన్!" అనేవాళ్ళు. అది అనకుండా పళ్ళెంలో చెయ్యి పెట్టేవాడు కాదు ఎవడూ. పోస్టు ఆచారమైపోయింది.

నేను పుట్టు క్రైస్తవుణ్ణే గానీ, ఆదివారం చర్చిలో గడియారం చూసుకునే రకం. అందుకే వాణ్ణి గిల్లేవాణ్ణి.

"ఒరే రత్నం, ఒకసారి రక్షణ పొందినవాణ్ణి దేవుడు ఇక వదలడంటావు కదా. అయితే మనం ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చన్నమాట."

వాడు చపాతీ తిప్పుతూ, "అమ్మ ఒండి ఎడతాదని అన్నం పారబోసుకుంటామేటన్నా?" అన్నాడు. "ఒగ్గడని తెలిసినోడికి పారిపోవాలనిపించదు. నమ్మకం మన పట్టు కాదు, ఆయన పట్టు."

అప్పుడు వాడి పెళ్ళానికి ఏడో నెల.

తర్వాత వాతావరణం మూసుకుపోయింది. ఎటు చూసినా తెలుపు. ఆకాశం లేదు, నేల లేదు. గుడిసె తలుపు తీస్తే పాలగిన్నెలోకి తొంగిచూసినట్టుండేది. హెలికాప్టర్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే శాటిలైట్ ఫోనులో కబురొచ్చింది. నెలలు నిండకుండా బిడ్డ పుట్టింది, పోయింది. ఆడపిల్ల. రత్నం దిగడానికి దారి లేదు. వాడు లేకుండానే గోల్‌మురిలో పిల్లని పాతిపెట్టారు.

ఆ పూట కూడా వంట చేశాడు. అందరం పళ్ళేలు పట్టుకుని కూర్చున్నాం. వాడు మోకరించలేదు. చిటికెనవేలు పైకెత్తి గుడిసె కప్పుకేసి చూపించి, "కట్టీ" అన్నాడు. మా ఊళ్ళో పిల్లలు జట్టు తెంచుకునేటప్పుడు చేసే పని అది. నవ్వొచ్చే పనే. ఎవరికీ నవ్వు రాలేదు.

వాళ్ళమ్మతో కూడా ఫోనులో అదే చెప్పాడు. "అమ్మా, ఆయనకీ నాకూ కట్టీ. ఇంక నా దగ్గిర ఆ మాట ఎత్తకు."

నేను ఊరుకోలేకపోయాను. "వదలడన్నావు కదరా?"

"ఆయన ఒగ్గడేమో. నాను ఒగ్గీసినాను."

రెండు మూడు రోజులు అన్నం మింగుడు పడలేదు ఎవరికీ. నాలుగో రోజు పళ్ళేలు చేతికి రాగానే ఆపరేటర్ గొంతు సవరించుకున్నాడు. వాడికి తెలుగు రాదు, ప్రార్థన రాదు. తలొంచుకుని, "ఆమీన్" అన్నాడు. మేం కూడా అన్నాం. రత్నం విసురుగా లేచి బయటికి పోయాడు. ఆ రోజు మొదలు వాడి బదులు మేమే అన్నాం. పూటపూటా వాడు మూతి ముడుచుకుని గిన్నెలు తోముకునేవాడు.

వాడికి జబ్బు చేసిందని ముందు కనిపెట్టినవాడు మా పోస్టు నర్సింగ్ అసిస్టెంట్. కేరళవాడు, మాట తక్కువ. "కుక్ నడక చూడు" అన్నాడు నాతో. రత్నం తాగినవాడిలా తూలుతున్నాడు. అంత ఎత్తులో ఒక్కోసారి మెదడు వాస్తుంది, మనిషి మనిషిలా ఉండడు. ఆ సాయంత్రం వాడు చేతిసంచి పట్టుకుని నవ్వుతూ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, సూడు. ఆకాశం ఎర్రగా ఎలిగిపోతంది. ప్లాంటులో కరిగిన స్లాగు పోసినట్టున్నారు. ఊరొచ్చీసింది."

బయట చిక్కటి తెలుపు తప్ప ఏమీ లేదు. ఒట్టేసి చెప్తున్నాను, వాడు అంత నమ్మకంగా చెప్పేసరికి ఒక్క క్షణం నాకూ ఎరుపు కనిపించింది.

సుబేదార్ సాబ్ రేడియోలో కిందికి అడిగితే జవాబొచ్చింది. "హెలికాప్టర్ రాదు. కింది క్యాంపు దాకా దించండి, ఓవర్." తెల్లవారగానే రత్నాన్ని మంచు మీద జారే స్లెడ్జి బండి మీద పడుకోబెట్టి తాళ్ళతో కట్టాం. నేను పొట్ట మీద ముడి వేశాను. రెండు వందల గజాలు పోయామో లేదో, వాడు చేతి తొడుగు పీకేసి ముడి విప్పేసుకుని లేచి కూర్చున్నాడు. మళ్ళీ కట్టాను. మళ్ళీ విప్పాడు. నర్సింగ్ అసిస్టెంట్ నన్ను పక్కకి నెట్టాడు. తాడుని స్లెడ్జి అడుగుకి తిప్పి అక్కడ ముడి బిగించాడు.

"పేషెంటు చేతికి అందేచోట ముడి వెయ్యకూడదు" అన్నాడు హిందీలో. "వాడు బతకాలని వాడికే ఉండదు ఇప్పుడు. అందుకని ముడి వాడి చేతిలో పెట్టకూడదు."

ముందు ఆపరేటర్, పక్కన నర్సింగ్ అసిస్టెంట్, వెనక బ్రేకు తాడు పట్టుకుని నేను. మూడు గజాల అవతల ఆపరేటర్ వీపు కనపడేది కాదు. దిగుతున్నామో ఎక్కుతున్నామో తెలిసేది కాదు. కలలో నడిచినట్టే, కాళ్ళు కదులుతున్నాయి గానీ ఎక్కడికీ పోతున్నట్టు లేదు. రత్నం చెయ్యి మాత్రం నా కళ్ళముందే ఉంది. స్లెడ్జి అంచు మీంచి కిందికి పోయి ముడికోసం వెతుకుతూ, అందక, మళ్ళీ వెతుకుతూ.

తిట్టాడు. నన్ను తిట్టాడు, తాడుని తిట్టాడు. "ఒగ్గీయండ్రా! గాడీ ఆపండి, నా టేసనొచ్చింది, దిగిపోతాను!" అన్నాడు. తర్వాత తేటగా, మామూలు గొంతుతో, "దేవుడు నాకొద్దు" అన్నాడు. నేను విన్న ఆఖరి మాట అది. కాసేపటికి చెయ్యి వెతకడం మానేసింది.

నర్సింగ్ అసిస్టెంట్ స్లెడ్జి ఆపి, వాడి మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. ముడి విప్పలేదు. కింది క్యాంపు దాకా అలాగే లాక్కెళ్ళాం. నేను ఏడ్చాను. ఏడిస్తే కళ్ళద్దాల లోపల కన్నీరు గడ్డకట్టేది, తుడుచుకోవడానికి కూడా లేదు.

వాతావరణం తేటపడ్డాక శవం ఇంటికి వెళ్ళింది. నేను మాత్రం పోస్టుకే మళ్ళీ ఎక్కాను. డ్యూటీ అయి టాటానగర్‌లో దిగేసరికి వేసవి వచ్చేసింది.

రైల్లో దారి పొడుగునా ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. "పెద్దమ్మా, ఆఖర్న ప్రార్థన చేశాడు. ప్రశాంతంగా పోయాడు." ఇంతే. అద్దంలో చూసుకుని కూడా అన్నాను, మూతి వంకర పోకుండా. తల్లికి ఆ మాత్రం చెప్పకపోతే మనం మనుషులమేనా?

గోల్‌మురిలో సువార్తమ్మ గుమ్మంలోనే కూర్చునుంది. కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిందట. మనిషి సగమైపోయింది. నన్ను చూసి లేచి నీళ్ళిచ్చింది. నేను గ్లాసు దించేలోపే అడిగేసింది.

"కట్టీ ఒగ్గీసినాడేటిరా ఆడు?"

నేను నోరు తెరిచాను.

"అబద్ధమాడకు దావీదూ. మన చర్చి సంఘం పెద్దయ్య వచ్చి సెప్పీసినాడు, కడదాకా నిలబడనోడు ఇంక పోయినట్టే అని. నాను రోజూ అదే నమిలి సత్తన్నాను. ఆడు పోనాడన్న ఏడుపొకటి. పరలోకంలో కూడా నాకు దొరకడన్న ఏడుపొకటి. ఉన్నదున్నట్టు సెప్పు."

అంతా చెప్పాను. మేం బదులు చెప్పిన ఆమీన్లు, ఎర్రటి ఆకాశం, తిట్లు. "దేవుడు నాకొద్దు" అన్న మాట కూడా చెప్పాను. ఆమె తలొంచుకునే వింది. ముడి సంగతి చెప్పినప్పుడు మాత్రం తలెత్తింది.

"ఎక్కడేసినారు ముడి?"

"అడుగున, పెద్దమ్మా. చెయ్యి అందకుండా."

"సూపించు."

దండెం మీది బట్టలు తీసేసి తాడు నా చేతికిచ్చింది. వసారాలో నులకమంచం ఉంది. వెళ్ళి దానిమీద వెల్లకిలా పడుకుంది. "ఏటి సూత్తావు? కట్టు" అంది.

"పెద్దమ్మా, ఇదేం పని?"

"కట్టరా!"

కట్టాను. మంచం అడుగుకి తాడు తిప్పి ముడి బిగించాను. ఆమె ఊరికే పడుకోలేదు. పెనుగులాడింది. కుడిచెయ్యి మంచం పట్టె మీంచి కిందికి పంపి, పళ్ళు బిగించి వెతికింది. ఎడమచేత్తో వెతికింది. భుజం ఒరుసుకుపోతున్నా మానలేదు. కొడుకు ఎంత గట్టిగా ప్రయత్నించి ఉంటాడో అంత గట్టిగా తనూ చేసి చూడాలని ఆమె పట్టుదల. నాకు చూడ్డానికి భయమేసింది.

చివరికి రొప్పుతూ ఆగింది.

"అందనేదురా" అంది.

"అందదు పెద్దమ్మా."

"ఎంత తిట్టినా?"

"ఎంత తిట్టినా."

"ఒద్దన్నా?"

"వద్దన్నా."

ఆమె కళ్ళలోంచి నీళ్ళు రెండు చెవుల్లోకీ కారిపోయాయి. నేను గబగబా మంచం కిందికి వంగి ముడి మీద చెయ్యి వేశాను.

"ఇప్పకు" అంది సువార్తమ్మ. "కాసేపుండనీ."

ఇప్పటికీ ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడినప్పుడల్లా నాకు కనిపించేది మంచు కాదు. మంచం కింద వేలాడే ఆ ముసలి చెయ్యి. వెతకడం మానేసి, వేళ్ళు వదులుగా విచ్చుకుని ఉంది.