గాన్ మాస్టారి బాతులు

గాన్ మాస్టారు పాదాలు గీయరు.

మిగతావన్నీ గీస్తారు. కత్తి దూసే చెయ్యి గీశారంటే గాలి తెగిన చప్పుడు వినపడుతుంది. ముసలమ్మ ముఖం గీశారంటే చూసినవాడు లేచి నిలబడి పీట వేస్తాడు. గుర్రానికైతే నాలుగు డెక్కలూ లాడాలతో సహా గీస్తారు. కానీ మనిషి పిక్కల కిందికి వచ్చేసరికి ఆయన కలానికి ఏమవుతుందో తెలియదు, అక్కడ గడ్డి మొలుస్తుంది. గడ్డి కుదరని చోట పొగమంచు. అదీ కుదరకపోతే వరద. ఆయన బొమ్మల కథ 'వెదురు టోపీ వీరుడు' పదకొండు భాగాలు వచ్చింది. అందులో కొన్ని వందలమంది నడిచారు, పరుగెత్తారు, ఒకళ్ళనొకళ్ళు తన్నుకున్నారు. ఒక్కరికీ పాదం లేదు.

ఆ బొమ్మల్లో మనుషుల నోటిముందు తేలే బుడగల్లో మాటలు రాసేదాన్ని నేను. అప్పటికి నాకు పాతికేళ్ళు. తైపేయిలో తిండి దుకాణాల రౌండ్ బజారు వెనక సందులో, కథల పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు పైన, చెక్క అటక మీద మాస్టారి బల్లా నా బల్లా ఎదురెదురుగా ఉండేవి. ఆయన గీసిన పుట నా బల్ల మీదికి రాగానే నేను ముందు చూసేది కిందిభాగమే. ఈసారి ఏం పెట్టారా అని.

ఎనిమిదో భాగంలో రాజసభ వచ్చింది. నున్నటి రాతి నేల. లోపల గడ్డి మొలవదు, పొగమంచు రాదు, వరద వస్తే సింహాసనం మునుగుతుంది. ఇవాళ దొరికారు మాస్టారు అనుకున్నాను. తీరా చూస్తే మంత్రుల కాళ్ళ చుట్టూ బాతులు!

"రాజసభలో బాతులేంటి మాస్టారూ?"

"రాజుగారికి బాతులంటే ప్రాణం."

"ఇంతవరకూ ఏడు భాగాల్లో ఎక్కడా చెప్పలేదే?"

"రాజుగారు ఇప్పుడేగా వచ్చింది! ఆయన రాకముందే ఆయన ఇష్టాలు మనకెలా తెలుస్తాయమ్మాయ్?"

అక్కడినుంచి బాతులకు అడ్డులేకుండా పోయింది. న్యాయస్థానంలో బాతులు. పెళ్ళిపందిట్లో బాతులు. శత్రువు కోటగోడ మీద కావలి భటుల మధ్య వరసగా బాతులు. "గోడ మీదికి ఎలా ఎక్కాయండీ?" అంటే "మెట్లున్నాయిగా" అనేవారు. పిల్లలు ఉత్తరాలు రాసేవారు, పన్నెండో భాగంలో బాతుల రహస్యం బయటపడుతుందా అని.

సాయంత్రం బజార్లో ఆల్చిప్పల అట్టు తినడానికి తోటి బొమ్మలవాళ్ళు చేరినప్పుడు ఇదే చర్చ. చిన్నప్పుడు గేదె ఆయన కాలు తొక్కిందని ఒకడు, పాదం చూస్తే ఆయనకు కళ్ళు తిరుగుతాయని ఇంకొకడు. "ఏం లేదండీ, పాదం గీయడం రాదాయనకి. అయిదు వేళ్ళూ ఒకచోట పడితే చెయ్యి వణుకుతుంది" అని మూడోవాడు. మాస్టారు కాదనేవారు కాదు, అవుననేవారు కాదు. అట్టు ముక్క నోట్లో పెట్టుకుని, కొయ్యచెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చేసేవారు.

మా కింది కొట్టు గురించి చెప్పాలి. గోడ పొడవునా తీగలు కట్టి వాటి మీద పుస్తకాలు వేలాడదీసేవారు. ముందు ఒక బెంచీ. ఒకడు పుస్తకం అద్దెకు తీసుకుని బెంచీ మీద కూర్చుంటే, వాడి వెనక ఏడుగురు మెడలు సాచి చదివేవారు. పుట తిప్పే అధికారం అద్దె ఇచ్చినవాడిది. "ఉండరా, ఇంకా చదవలేదు!" అని వెనకనుంచి ఏడుపులు. అందరికన్నా వెనక, మునివేళ్ళ మీద నిలబడి చదివే పిల్ల ఒకతి ఉండేది, ఆ-హూన్. వాళ్ళమ్మ బొగ్గు మోసేది. పుస్తకం అయిపోగానే అంతా సందులోకి ఉరికి, వెదురు కర్రలతో ఆ కథే మళ్ళీ ఆడేవారు. ఆ వేళకి మాస్టారు కలం పక్కనపెట్టి కిటికీ దగ్గర కూర్చునేవారు. సినిమాకి వెళ్ళినవాడు అంత శ్రద్ధగా కూర్చోడు.

ఇలా ఉండగా సర్కారువారికి మా బొమ్మల పుస్తకాల మీద దయ కలిగింది. అచ్చుకి ముందు ప్రతి పుటా పరిశీలన ఆఫీసుకి పంపాలి, వాళ్ళు ముద్ర వేస్తేనే పుస్తకం అన్నారు. పట్టపగలు పెద్దవాళ్ళని ఎత్తుకుపోయి ఏళ్ళతరబడి జైల్లో పెట్టే రోజులవి. పిల్లలు బళ్ళో ఇంటి భాష మాట్లాడితే మెళ్ళో పలక కట్టి నిలబెట్టేవారు. ఇన్ని చేతులారా చేసినవాళ్ళు, పిల్లలు బొమ్మలు చూసి చెడిపోతారని బెంగపెట్టుకున్నారు.

ఆఖరి భాగం, పన్నెండోది, పంపాం. వెనక్కి వచ్చింది. దానితో ఒక జాబితా. మా ప్రచురణకర్త ఫాంగ్ గారు చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చి చదివారు.

"ఏడో పుట. కుక్క ఆలోచిస్తోంది. కుక్కలు ఆలోచించవు."

"తీసేద్దాం" అన్నారు మాస్టారు.

"పన్నెండో పుట. మనిషి ఇంటికప్పు కన్నా ఎత్తు ఎగిరాడు. శాస్త్రవిరుద్ధం."

"నిచ్చెన వేద్దాం."

"అన్ని పుటలూ. మనుషులకు పాదాలు లేవు. పాదాలు లేనిది దయ్యాలకే. కనక ఈ పుస్తకంలో అందరూ దయ్యాలే. దయ్యాల కథలు మూఢనమ్మకం. అందరికీ పాదాలు గీసి పంపవలెను." ఫాంగ్ గారు గొంతు సవరించుకున్నారు. "కింద ఇంకొకటుంది. బాతులు దేనికో వివరించవలెను."

నేను నవ్వాపుకోలేక సిరాబుడ్డి తన్నేశాను. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"కుక్కని తీసేస్తా. నిచ్చెన వేస్తా. పాదాలు గీయను."

"గాన్ గారూ, మీకు దణ్ణం పెడతా. పదిరోజుల్లో ముద్ర పడకపోతే అచ్చుయంత్రం వేరేవాళ్ళకి పోతుంది. ఇంక ఈ వీరుణ్ణి నేను వెయ్యలేను. మీకూ ఈ అమ్మాయికీ పని ఉండదు."

"అయితే వీరుణ్ణి ఆపేయండి."

ఫాంగ్ గారు నోరు తెరిచి అలాగే మెట్లు దిగిపోయారు. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో నా తర్వాత ముగ్గురు. చిలగడదుంప గంజి అయినా నా రాత మీదే ఉడుకుతోంది.

"రాకపోతే రాదని చెప్పండి మాస్టారూ! సిగ్గెందుకు? నేను గీస్తా. పాదమంటే ఏముంది, చేటకి అయిదు చిక్కుడుగింజలు అంటిస్తే సరి!"

"అరవకు. ఇలా రా. కిందికి చూడు."

కింద యుద్ధం జరుగుతోంది. చిరిగిన వెదురు టోపీ పెట్టుకుని, కర్ర తిప్పుతూ, ఒంటరిగా ఆరుగుర్ని తరుముతోంది ఆ-హూన్. "లొంగిపోరా బందిపోటూ!" అంటే పళ్ళడాక్టరుగారబ్బాయి చేతులెత్తేశాడు.

"ఎవరు కనపడుతున్నారు?"

"వెదురు టోపీ వీరుడు" అన్నాను.

"మూడేళ్ళ కిందట చూసుంటే తెలిసేది నీకు. అప్పుడు, ఈ వీరుడికి ముందు వేసిన పుస్తకాల్లో, నేనూ అందరిలాగే గీసేవాణ్ణి. మంచివాడికి బూట్లు. బందిపోటుకి ఉత్తకాళ్ళు. ఆలోచించి గీసింది కాదు, చెయ్యి అలవాటు. కింద వేషాలు పంచేది ఆ పళ్ళడాక్టరు కొడుకు. 'నీకు చెప్పుల్లేవు, నువ్వు బందిపోటు' అనేవాడు ఆ-హూన్‌తో. పుస్తకంలోనే ఉందాయె, ఏమని ఎదురు చెప్తుంది? ఎండాకాలమంతా రోజూ సాయంత్రం ఆ పిల్ల చచ్చింది. బాగానే చచ్చేదిలే, దొర్లి దొర్లి. ఒకరోజు ఈ మెట్లెక్కి వచ్చింది. 'మాస్టారూ, వీరుడు ఎప్పుడైనా స్నానం చేస్తాడా?' అంది. ఎందుకే అన్నా. 'అప్పుడు బూట్లు విప్పుతాడు కదా. ఆ ఒక్క పుట గీయండి. నేను ఆ పుట ఆడుకుంటా' అంది."

నేను మళ్ళీ కిందికి చూశాను. ఆ-హూన్ కాళ్ళకి ఏమీ లేవు.

"గీద్దామని కూర్చున్నా. ఒక్క పుటేనా అనిపించింది. ఆ రోజునుంచి అన్ని పుటల్లోనూ గడ్డి మొలిపించా. పాదమే కనపడకపోతే బూట్లు ఎవడికున్నాయో ఎవడు చెప్పగలడు? ఇప్పుడు పాదం గీయమంటారు. గీస్తే బూటు తొడగాలి. తొడిగితే రేపు సాయంత్రం మళ్ళీ అది చస్తుంది."

"ఉత్తకాళ్ళే గీయండి మాస్టారూ."

"వీరుడికా? ముద్ర వేస్తారంటావా?"

నేను జాబితా తీసి మళ్ళీ మొదట్నుంచీ చదివాను. "పాదాలు గీయమన్నారు. బూట్లు గీయమని ఎక్కడా లేదు."

మాస్టారు నా వంక చూశారు. జాబితా వంక చూశారు. కాగితాల కట్ట చంకన పెట్టుకుని, కొయ్యచెప్పులు టకటకలాడించుకుంటూ కిందికి దిగారు.

ఆ వారం రోజులూ బజార్లో గొడవే గొడవ. చేపలమ్మే ఆమె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆమె పాదాలు చూస్తుంటే, "ఏం మాస్టారూ, నా మొహం అంత బాగాలేదా?" అని కేకలేసింది. రిక్షా లాగే ముసలాయన కునుకు తీస్తుంటే ఆయన మడమ దగ్గర తల పెట్టి గీశారు. ఆయన ఉలిక్కిపడి లేచి తన్నాడు. "కదలకు బాబూ, ఇది కూడా పనికొస్తుంది" అని తన్నే పాదం కూడా గీసుకొచ్చారు. నా కాళ్ళని కూడా వదల్లేదు. "నీది నడిచే పాదం కాదమ్మాయ్, కోపంతో నేలని తన్నే పాదం" అని రాణిగారికి పెట్టారు.

పుటలు నా బల్ల మీదికి వచ్చాయి. ఈసారి కూడా ముందు కిందిభాగమే చూశాను. పగుళ్ళిచ్చిన మడమలు. ఎడంగా విచ్చుకున్న వేళ్ళు. బురద పట్టిన గోరు. నేలని గట్టిగా పట్టుకున్న పాదాలు. రావన్నవాళ్ళెవరు! ఈ పాదాల్ని మూడేళ్ళు బాతుల వెనక దాచాడు ఈ మనిషి. వీరుడికి ఉత్తకాళ్ళు, రాణిగారికి ఉత్తకాళ్ళు, సైన్యమంతటికీ ఉత్తకాళ్ళు. బందిపోటు నాయకుడికి మాత్రం మోకాళ్ళదాకా తళతళలాడే బూట్లు. ఆఖరి పుటలో ఆ బూట్లు బురదలో దిగబడిపోయి వాడు దొరికిపోతాడు.

ఆఫీసుకి ఇద్దరం వెళ్ళాం. జపానువాళ్ళు ఏలిన రోజుల్లో మాస్టారు బళ్ళో నేర్చుకున్నది జపాను భాష, ఇంట్లో మాట్లాడేది మా అమ్మల భాష. ఆఫీసులో నడిచేది ఆ తర్వాత సముద్రం దాటి వచ్చిన సర్కారువాళ్ళ భాష. అందుకని మాట నాది, నవ్వు మాస్టారిది.

పరిశీలకుడు యాభైయేళ్ళ మనిషి. పుటలు తిప్పాడు.

"వీరుడికి బూట్లేవి?"

"తమరు పాదాలు అడిగారండి. బూట్లు వేస్తే పాదాలు కనపడవు. మళ్ళీ దయ్యాలంటారని భయపడ్డాం."

ఆయన నిబంధనల పుస్తకం తీశాడు. వెతికాడు. కుక్కల గురించి ఉంది, ఎగరడం గురించి ఉంది, బూట్ల గురించి లేదు. మూసేసి, మళ్ళీ మా పుటలు పట్టుకున్నాడు. ఒకచోట ఆగిపోయాడు.

"ఈ మడమ ఎవరిది?"

"మా సందులో రిక్షా లాగే ఆయనదండి."

"మా నాన్నదిలా ఉంది" అన్నాడు. ఈయనా సముద్రం దాటి వచ్చినవాడే; అటువైపు తీరంలో ఏ ఊళ్ళో ఉండిపోయాడో ఆ నాన్న. ముద్ర తీసి గట్టిగా కొట్టాడు. మళ్ళీ అధికారి అయిపోయి, "అవునూ, బాతులు దేనికో వివరించలేదు!" అన్నాడు.

మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వుతూ ఏదో అన్నారు. నేను తర్జుమా చేశాను: "అవసరం తీరిపోయిందండి. వెళ్ళిపోయాయి."

పన్నెండో భాగం వచ్చిన మూడోరోజు సాయంత్రం పళ్ళడాక్టరుగారి భార్య మెట్లెక్కి వచ్చింది, చేతిలో ఒంటి బూటుతో.

"ఇదేం పుస్తకమండీ! మావాడు రెండో బూటు ఎక్కడ పడేశాడో చెప్పడు. వేసుకోరా అంటే 'నేను బందిపోటునా' అని ఏడుస్తాడు. సందులో ఒక్క పిల్లాడి కాళ్ళకీ ఏమీ లేవు. కొట్టు ముందు బూట్లూ చెప్పులూ కుప్ప పోసున్నాయి, సంతలో అమ్మకానికి పోసినట్టు!"

మాస్టారు సిరాబుడ్డి వెనక మొహం దాచుకోబోయారు. సిరాబుడ్డి చాలలేదు.

ఆవిడ వెళ్ళాక ఇద్దరం కిటికీ దగ్గరికి పరుగెత్తాం. కింద పిల్లలంతా వరసగా నిలబడ్డారు. వెదురు టోపీ పెట్టుకుని ఆ-హూన్ ఒక్కొక్కళ్ళ పాదాలూ పరీక్షిస్తోంది, పరిశీలన ఆఫీసులో కూడా అంత కచ్చితం లేదు. పళ్ళడాక్టరుగారబ్బాయి దగ్గర ఆగింది.

"రేపు నేను వీరుడు కావచ్చా?" అన్నాడు వాడు.

"ఏదీ, కాలు ఎత్తు. ఊఁ... మరీ తెల్లగా ఉన్నాయిరా. ఇంకో వారం నడు, అప్పుడు చూద్దాం. ఈలోగా సైన్యంలో చేరు."

"బందిపోటు కాదుగా?"

"బందిపోటు వేషం అందరూ వద్దన్నారు. ఆ గోడని బందిపోటు అనుకుందాం."

పక్కన మాస్టారు లేరు. చూస్తే కొయ్యచెప్పులు రెండూ బల్ల కింద ఉన్నాయి. కిందికి దిగి, పంట్లాం మడిచి, వరసలో చివర నిలబడ్డారు.

ఆ-హూన్ ఆయన దగ్గరికి వచ్చింది. వంగి, బొటనవేలి మీద సిరామరకని గోటితో గీకి చూసింది.

"మాస్టారూ, మీకొక్కరికే సరిపోయే వేషం ఒకటుంది."

"ఏంటమ్మా అది?"

"బాతు."

ఆ సాయంత్రం అమ్మలు అన్నాలకి పిలిచేదాకా, తైవాన్‌లో పాదాలు గీయరని పేరుపడ్డ ఒకే ఒక్క బొమ్మలాయన ఉత్తకాళ్ళతో, మోకాళ్ళు వంచి, వీరుడి వెనకాల క్వాక్ క్వాక్ అంటూ ఆ సందంతా నడిచారు.