గుట్ట దాకా అందే లెన్స్

శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విడవలేదు, తమ్ముడి ఫోన్ వచ్చింది.

"అక్కా, ఇంకోటి పోయింది. సూడిగొర్రె. ఇగ నా వల్ల కాదు."

నేను సూర్యాపేటలో టీచర్ని. తమ్ముడు తిరుమలగిరి అవతల మా ఊళ్లోనే ఉండి, నాన్న ఇచ్చిపోయిన మందను మేపుతాడు. కొన్నాళ్లుగా ఆ మందలో గొర్రెలు ఒక్కొక్కటే పోతున్నాయి. తెల్లవారే వేళ గుట్ట మీద ఏదో తిరుగుతోందని ఒకరన్నారు. మచ్చలు కూడా చూశామని ఇంకొకరన్నారు. ఊరంతా చిరుతపులి మాటే. పత్తి ఏరడానికి కూలీలు రావడం మానేశారు. అటవీశాఖ వాళ్లు వచ్చి వెతికితే బండల నేల మీద అడుగుల జాడ దొరకలేదు. తమ్ముడు ఫోన్లో తీసిన వీడియోలో మసక చుక్క ఒకటి కదులుతోంది, అంతే. ఏ జంతువో తెలిసేలా ఫొటో ఉంటే బోను సంగతి చూస్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

"ఆదివారం పొద్దుగాల దాకా సూస్త," అన్నాడు తమ్ముడు. "ఆ తర్వాత సచ్చిన గొర్రె మాంసంల గుళికల మందు కలిపి గుట్ట కింద పెడ్త."

"అదొక్కటే తింటదారా? ఊళ్లె కుక్కలు తినవా? ఎవల పిల్లలన్న ముట్టుకుంటే?"

"మరి నా గొర్రెలు?"

"ఆదివారం తెల్లారేసరికి కెమెరా పట్టుకొని వస్త. అప్పటిదాక ఏం చెయ్యకు," అన్నాను. సరేననకుండానే ఫోన్ పెట్టేశాడు.

నా కెమెరా మామూలు డీఎస్సెల్లార్. దాంతోపాటు వచ్చిన చిన్న లెన్స్‌తో బళ్లో పిల్లల ఫొటోలు, పూల ఫొటోలు తీసుకునేదాన్ని. తమ్ముడి చెలక గట్టు మీద నుంచి దాంతో గుట్టను తీస్తే, బండ మీద నిలబడ్డ మనిషి కూడా అగ్గిపుల్లంత ఉంటాడు. దూరాన్ని దగ్గరికి లాగే లెన్స్ కావాలి. దాని గురించి ఆలోచించాల్సిన అవసరం నాకు అంతకుముందు రాలేదు.

శనివారం సెలవు పెట్టి, మా బడి గ్రూప్ ఫొటోలు తీసే స్టూడియోకు వెళ్లాను. స్టూడియో ఆయన మంచివాడు. ఏమీ అడక్కుండా మోచేయంత లెన్స్ తీసి చేతిలో పెట్టాడు. కెమెరాకు పెట్టి తిప్పితే అది కూర్చోలేదు. ఇంకాస్త బలంగా తిప్పబోయాను.

"ఆగుండ్రి మేడమ్! తిప్పకుండ్రి!" కౌంటర్ దాటి వచ్చి చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. "మీదో కంపెనీ, నాదో కంపెనీ. మౌంట్ కలవదు. పిన్నులు వంగినయంటే రెండూ ఖతం."

లెన్స్ వచ్చి కెమెరాలో కూర్చునే చోటును మౌంట్ అంటారని అప్పుడే తెలిసింది. స్టూడియో ఆయనే కోదాడలో తనకు తెలిసిన ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ కలిపాడు. ఆయన వాడేదీ నా కెమెరా కంపెనీదేనట.

కోదాడ ఫంక్షన్ హాల్లో లైట్లు సర్దుకుంటున్న ఆ ఫొటోగ్రాఫర్ తన పొడుగు లెన్స్ ఇచ్చాడు. మూడువందల మిల్లీమీటర్ల దాకా జూమ్ ఉంది. పెట్టి తిప్పగానే టక్కుమని కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. రోడ్డు మీద ఆగిన లారీని చూస్తూ ఫోకస్ కోసం బటన్ సగం నొక్కాను. లెన్స్‌లో చప్పుడు లేదు, కదలిక లేదు. లారీ మసగ్గానే ఉంది.

ఆయన కెమెరా తీసుకొని అటూ ఇటూ చూశాడు. "ఇది పాత రకం లెన్సండి. ఫోకస్ తిప్పే మోటార్ కెమెరాలో ఉండాలి. నా కెమెరాలో ఉంది కాబట్టి నాకెప్పుడూ తెలీలేదు. మీ దాంట్లో లేదు. చేత్తో తిప్పుకోవాల్సిందేనండి."

రింగు తిప్పాను. లారీ నెంబరు ప్లేటు స్పష్టమయ్యే లోపల లారీ కదిలిపోయింది. జంతువు దానికంటే నిదానంగా పోతుందా?

లెన్స్ తీసుకెళ్లండి, నాకిప్పుడు పని లేదు అన్నాడాయన. మిర్యాలగూడలో కెమెరాలు బాగుచేసే దుకాణం ఉంది, అక్కడా ఒకసారి అడగమన్నాడు. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కాను. దారిలో తమ్ముడు ఫోన్ చేశాడు.

"మందు తెచ్చిన," అన్నాడు. "నువ్వు వస్తున్నవా లేదా?"

"వస్తున్న. ఫోకస్ పడే లెన్స్ కోసం తిరుగుతున్న."

"గొర్రెలు పోతుంటే లెన్స్ అంటున్నవ్," అని పెట్టేశాడు.

మిర్యాలగూడ దుకాణం నడిపేది ఒకామె. నా కెమెరా చూడగానే, "దీనికి లెన్స్‌లనే మోటార్ ఉన్నది కావాలె," అని బీరువాలోంచి ఒకటి తీసింది. అది రెండువందల దాకానే. ఇద్దరం డాబా ఎక్కాం. ఎదురుగా రైస్ మిల్లు రేకుల మీద పావురాలు. ఆమె లెన్స్ పెట్టి నొక్కితే జుయ్‌మని తిరిగి కన్ను మూసి తెరిచేంతలో ఫోకస్ పట్టింది. పావురం చిన్నగా పడింది కానీ ఈకలు లెక్కపెట్టొచ్చు. కోదాడ లెన్స్ పెడితే పావురం పెద్దగా పడింది. నేను రింగు తిప్పి తీసిన ప్రతి ఫొటోలోనూ అలికినట్టుంది.

"గుట్ట ఎంత దూరం?" అని అడిగింది. "అది నిలబడి ఉంటదా, ఉరుకుతదా?"

దూరం చెప్పాను. రెండోది నాకూ తెలీదన్నాను.

"చేత్తో తిప్పుడు మీకు అలవాటు లేదు. చిన్నగ పడ్డా సాఫ్‌గ పడాలె, తర్వాత పెద్దగ చేసుకోవచ్చు. ఇది తీస్కపోండ్రి."

తీసుకున్నాను. సూర్యాపేట బస్సులోనూ, అక్కడి నుంచి ఊరి బస్సులోనూ తప్పు చేశానా అనే గుబులు వదల్లేదు. రెండు లెన్స్‌లూ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

తెల్లవారక ముందే తమ్ముడూ నేనూ చెలక గట్టు వెనక పడుకున్నాం. తమ్ముడి పక్కన మందు సంచి ఉంది. నేను దాని వైపు చూడలేదు. తూర్పున కాస్త తెలుపు వచ్చేసరికి తమ్ముడు నా భుజం నొక్కాడు.

"అక్కా. అదే."

బండ అంచున ఒక ఆకారం నిలబడి ఉంది. బటన్ నొక్కాను. లెన్స్ జుయ్‌మని తిరిగి నా ముందున్న బోద గడ్డిని పట్టుకుంది. మళ్లీ నొక్కాను. వెనక్కి పోయి, ముందుకొచ్చి, మళ్లీ గడ్డి దగ్గరే ఆగింది. గుట్ట మొత్తం మసకైపోయింది.

"తియ్యవేందే!" తమ్ముడు మోచేత్తో పొడిచాడు.

లెన్స్ పక్కనున్న చిన్న మీటను వేలితో వెతికి కిందికి జరిపాను. ఇక మోటార్ తిరగదు. ఊపిరి బిగబట్టి రింగును కొంచెం కొంచెం తిప్పాను. గడ్డి కరిగింది. బండ కనబడింది. బండ మీద చెవులు కనబడ్డాయి. నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను. అది దిగిపోయింది.

తెర మీద ఫొటోను పెద్దది చేసి చూశాను. మచ్చలు లేవు. తోక పైకి చుట్టుకొని ఉంది. మెడకు తాడు. దాని వెనకాల ఇంకో రెండు తలలు.

తమ్ముడు కెమెరా లాక్కొని చాలాసేపు చూశాడు. "కుక్క," అన్నాడు. ఆ తర్వాత, "గిది పక్క మందాయన కుక్కనే అక్కా. మన గొర్రెల్ని గూడ కాసింది గదనే ఇది."

బోర్లు ఎండి మేత దొరక్క ఆయన మంద అమ్మేసి, మేళ్లచెరువు సిమెంట్ ఫ్యాక్టరీ దగ్గర లారీ తోలుతున్నాడు. కుక్కను ఇక్కడే వదిలిపోయాడు.

నాకు భయం తగ్గలేదు, పెరిగింది. చిరుతపులైతే బోను కోసమన్నా ఊరు ఆగుతుంది. కుక్క కోసం ఎవరాగుతారు? తమ్ముడు సంచి మీద చెయ్యి వేసి గుట్ట వైపు చూస్తున్నాడు. చివరికి సంచిని పక్కకు నెట్టి ఫోన్ తీశాడు.

"నీ కుక్క నా గొర్రెల్ని తింటున్నది," అన్నాడు ఆ మందాయనతో. "వచ్చి తీస్కపోతవా, నన్నే సూస్కొమ్మంటవా?"

మధ్యాహ్నం తర్వాత ఆయన బస్సు దిగాడు. అప్పటికి ఊళ్లో సగం మంది కర్రలతో గుట్ట కింద ఉన్నారు. అందరినీ వెనక్కి జరగమని తమ్ముడు కేకలేశాడు. ఆయన ఒక్కడే ముందుకు నడిచి, మందను అదిలించే కూత పెట్టాడు. ఏమీ రాలేదు. మళ్లీ పెట్టాడు. జనంలో గొణుగుడు మొదలైంది.

అప్పుడు పొదల్లోంచి అది వచ్చింది. పొట్ట నేలకు ఆనించి, తోక ఆడిస్తూ, పాకినట్టు వచ్చింది. చిన్నప్పుడు కట్టిన తాడు మెడలోకి దిగిపోయి పుండయింది. ఆయన అక్కడే కూలబడి దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. తమ్ముడు కత్తి తెచ్చి తాడు కోశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సాయంత్రం ట్రాలీ ఆటోలో ఆయన దాన్ని మేళ్లచెరువు తీసుకుపోయాడు. మిగతా కుక్కలు ఆ వాసనకు ఊరి వైపు రాకుండా పంచాయతీ వాళ్లు, రోడ్డు పక్కన పడేస్తున్న కోళ్ల వ్యర్థాలను గుంట తీసి పూడ్పించారు. ఆ తర్వాత తమ్ముడికి ఒక గొర్రెపిల్ల మాత్రం పోయింది. దొడ్డి చుట్టూ ఇనుప జాలీ కట్టుకున్నాడు. వారం తిరిగేసరికి పత్తి చేలల్లో కూలీల మాటలు వినబడుతున్నాయని ఫోన్ చేసి చెప్పాడు.