నీలం సీసాలో విషం

మార్కాపురంలో మా మామ పాతకాలపు మందుల సీసాలు పోగుచేసేవాడు. వాటిలో విషం సీసాలంటే మరీ ప్రాణం. నేను ఎప్పుడు వెళ్లినా ఒక నీలం సీసా చేతిలో పెట్టి, "ఈ గీతలు తడుము అల్లుడూ. చీకట్లో తెలీక తాగకుండా పెట్టినారు," అనేవాడు.

మామకు షుగరు. అందుకే అత్త నల్లమల తేనెను వెనక వరసలోని ఒక విషం సీసాలో పోసి దాచింది. కొన్నాళ్లకు అది మామ కంటబడింది.

"ఖాళీదనుకుంటి. లోపల పాత విషం అట్లనే ఉంది!" అని వీధంతా పిలిచి చూపించాడు. అత్త పని ఉన్నట్టు వంటింట్లోకి జారుకుంది.

మూతకు చీమలు పట్టాయి. అవి ఎప్పుడు చస్తాయా అని మామ కుర్చీ వేసుకుని చూశాడు. ఒక్కటీ చావలేదు.

"పాతది గదా, పదును పోయింది," అని తేల్చాడు.

ఆ తర్వాత సీసాలో సరుకు రోజురోజుకూ తగ్గసాగింది.

"ఎండకు ఆవిరైపోతాంది," అనేవాడు, మీసం తుడుచుకుంటూ.

చివరికి షుగరు పెరిగి ఆసుపత్రిలో పడ్డాడు. అత్త మంచం పక్కనే ఏడుస్తూ, తేనె సంగతి అందరి ముందూ చెప్పేసింది.

మామ ఆ మాట విననట్టే నా వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"చూసినావా అల్లుడూ? పదును పోలే. అసలు సరుకే!"